ఎరుకలింటి పెంపకం

టీచర్ ట్రైనింగ్‌లో మాకు మనోవిజ్ఞానశాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో ‘అనువంశికత, పరిసరాలు’ అని ఒక పాఠం ఉండేది. మనిషి ఎట్లా తయారవుతాడు, రక్తం వల్లనా, పెరిగిన తావు వల్లనా అన్నది దాని విషయం. రక్తం వైపు సాక్ష్యంగా రెండు అమెరికా కుటుంబాల కథలు చెప్పేవాళ్ళు. ఒకటి 1877లో డగ్‌డేల్ అనే ఆయన రాసిన జ్యూక్ కుటుంబం. రెండోది 1912లో గొడ్డార్డ్ రాసిన కల్లికాక్ కుటుంబం. ఆ ఇళ్ళల్లో తరతరాలుగా నేరస్థులు, తాగుబోతులు, మందబుద్ధులు పుట్టారని ఆ కథల సారాంశం. పరిసరాల వైపు వాట్సన్ ఉండేవాడు. ఆరోగ్యమైన పసిపిల్లలను నా చేతికిస్తే డాక్టరు కావాలంటే డాక్టరు, దొంగ కావాలంటే దొంగ, ఎట్లా కావాలంటే అట్లా పెంచుతానన్నాడాయన. పరీక్షకు ఇది పెద్ద ప్రశ్న. అందరూ బట్టీ పట్టారు, నేనూ పట్టాను. కానీ ఆ పాఠం మా ఇంటి గురించని నాకు అనిపించింది.

మేం ఎరుకల వాళ్ళం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు అయ్యే దేశంలో దొంగ కొడుకు దొంగే అవుతాడు అన్నది ఆ చట్టం వెనకున్న వాదం. మొదట ఉత్తరాదిలో పెట్టిన ఆ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు మన అనంతపురం జిల్లా అందులోదే. వేలిముద్రలు తీసుకున్నారు. రాత్రిళ్ళు హాజరు చెప్పమన్నారు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలన్నారు. 1924 చట్టంలో ఇంకో సంగతి ఉంది. ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోయి వేరే బడుల్లో పెట్టే అధికారాన్ని 17వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ పిల్లలు ఏదో తప్పు చేసి ఉండాలని కాదు. ఆ ఇంట్లో పుట్టి ఉంటే చాలు.

అంటే ఆ రోజుల్లో సర్కారు మా ఇళ్ళను దొంగతనం నేర్పే బడులుగా చూసింది. నేను ఆ ఇళ్ళల్లో ఒకదాంట్లో పెరిగినదాన్ని, బడిలో పిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నాకు ఏం నేర్పారో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మావాళ్ళ బతుకుదెరువు సంగతి. ఎరుకలల్లో వెదురు దబ్బలతో గంపలు అల్లేవాళ్ళు దబ్బ ఎరుకలు. నేతగాళ్ళకు కుంచెలు కట్టేవాళ్ళు కుంచె ఎరుకలు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద మోసుకొని ఊరూరా అమ్మేవాళ్ళు ఉప్పు ఎరుకలు. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు రైలుపట్టాలు పడ్డాయి. ఉప్పు రైలెక్కింది. గాడిదలకు పని పోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కొరవల, ఎరుకల బతుకు ఇట్లానే చెడిందని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాసింది. వ్యాపారం పోయినా తిరుగుడు పోలేదు. పనిలేకుండా తిరిగేవాడు దొంగ అన్నారు. పని ఎవరు తీసేశారో మాత్రం ఎవరూ అడగలేదు.

మా అమ్మ పుట్టిల్లు పెనుకొండ పక్కన. అవ్వ అక్కడే ఉండేది. తనకు పెళ్ళయిన కొత్తలో మా జేజబ్బ చీకటిపడితే హాజరుకు పోయి, తెల్లారేదాకా అక్కడే పడుకొని వచ్చేవాడని చెప్పేది. “మీ జేజబ్బ ఇంట్లో పండుకున్న రాత్రులు ఏళ్ళ మీద లెక్కపెట్టొచ్చు” అనేది. మొగుడు లేని ఇంట్లో పసిబిడ్డలను పక్కలో వేసుకొని, కుక్క మొరిగితే లేచి కూర్చునేదట. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. హాజరు పోయింది. కానీ కుక్క మొరిగితే లేచే అలవాటు అవ్వకు పోలేదు. అవ్వ పక్కలో పెరిగిన మా అమ్మకు అదే అలవాటు. అమ్మ పక్కలో పెరిగిన నాకూ అదే. ఇప్పుడు నేనుండేది తలుపు గట్టిగా ఉండే మంచి ఇల్లు. అయినా వీధిలో కుక్క మొరిగితే లేచి కూర్చుంటాను. గొడ్డార్డ్ మా ఇంటికి వచ్చి ఉంటే ఇది రక్తంలో వచ్చిందని రాసుకొనేవాడు. ఇది రక్తంలో వచ్చింది కాదు, ఒక చట్టం మా అవ్వకు నేర్పితే ఆమె పక్కలోంచి మాకు వచ్చింది.

పెంపకం అంటే తల్లీతండ్రీ అనుకుంటాం. తల్లినీ తండ్రినీ ఊరు ఏ కంటితో చూస్తుందో అది కూడా బిడ్డను పెంచుతుంది. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, అయిదో తరగతిలో బడి మానేశాడు. తెలివి తక్కువై కాదు. క్లాసులో ఎవరి పెన్సిలు పోయినా, ఎవరి చిల్లర పోయినా మొదట మా మామ సంచి కిందమీద చేసేవాళ్ళు. ఒకసారీ ఏమీ దొరకలేదు. దొరకకపోతే దాచిపెట్టాడు అనేవాళ్ళు. మూడోసారో నాలుగోసారో సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాడు. తర్వాత ధర్మవరం పోయి మూటలు మోసే పనిలో చేరాడు.

ధర్మవరంలో మామ ఇంటికి పోయినప్పుడల్లా పక్క సందులో మగ్గాల చప్పుడు వినపడేది. పదేళ్ళ పిల్లోడు బడినుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చొని కండెలు చుడుతుంటే, చూసినవాళ్ళు “తండ్రి విద్య అబ్బింది” అని మెచ్చుకొనేవాళ్ళు. అందులో తప్పు లేదు, ధర్మవరం పట్టుచీర అట్లానే బతికింది. ఆ నేతగాళ్ళ పిల్లలు ఈరోజు డ్రైవర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ పెట్టినాక అందులో చేరినవాళ్ళూ ఉన్నారు. మగ్గం వాళ్ళ రక్తంలో ఉంది కాబట్టి కారు చెయ్యలేరని ఎవరూ అనలేదు. మావాళ్ళ దగ్గరికి వచ్చేసరికే ఆ లెక్క మారిపోతుంది. మా నాయన వెదురు చీల్చడం చూసి తండ్రి విద్య అన్నవాళ్ళు లేరు. చేతిలోని కత్తిని మాత్రం చూసేవాళ్ళు.

ఆ కత్తితో నాయన ఏం చేసేవాడో చెప్తాను. హిందూపురంలో మా ఇంటిముందు కూర్చొని వెదురును నిలువునా చీల్చి దబ్బలు తీసేవాడు. నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని నా చేతులమీద తన చేతులు పెట్టి అల్లించేవాడు. గంపకు అడుగు ముఖ్యం. అడుగు వదులైతే పైన ఎంత అందంగా అల్లినా చింతపండు పోసిన రోజే జారిపోతుంది. హిందూపురం మార్కెట్లో బెల్లం, చింతపండు ఎత్తే గంపలకు మంచి గిరాకీ ఉన్న కాలం అది. నేను వదులుగా అల్లితే నాయన తిట్టేవాడు కాదు. విప్పి నా చేతికిచ్చి “మళ్ళా” అనేవాడు. అంతే, ఒక్క మాట. ఈరోజు ఒకటో తరగతి బిడ్డ ‘ఋ’ తప్పు రాస్తే నా నోట్లోంచి వచ్చేది ఆ మాటే. ట్రైనింగ్‌లో నేర్చుకున్న బోధనా పద్ధతులు చాలా మర్చిపోయాను, అది మాత్రం మర్చిపోలేదు.

మా నాయన దేవుడు కాదు. సంత రోజు తాగి వచ్చేవాడు. గంపల డబ్బు అమ్మ బియ్యం కుండలో దాచేది, నాయన వెతికేవాడు, గొడవయ్యేది. ఆ గొడవ కూడా పెంపకంలో భాగమే. గొంతు పెరిగిన ఇంట్లో బిడ్డ ఏ మూలకు పోయి కూర్చుంటుందో నాకు తెలుసు కాబట్టి, క్లాసులో ఆ మూలలో కూర్చునే బిడ్డను నేను తొందరగా గుర్తుపడతాను. మన ఇళ్ళను వెనకేసుకు రావాలని వాటిలోని చెడును దాచిపెట్టనక్కరలేదు. ఏ కులం ఇంట్లోనైనా తాగుడు ఉంది, గొడవ ఉంది. మిగతావాళ్ళ ఇంట్లో అది ఒక మనిషి తప్పు, మా ఇంట్లో జాతి గుణం. నా ఫిర్యాదు దాని మీదనే.

మా ఆచారాలను ఇంగ్లీషువాళ్ళు వింతగా రాసుకున్నారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాల పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఎరుకల తండ్రి గురించి ఒక ముక్క ఉంది. భార్యకు నొప్పులు మొదలుకాగానే భర్త ఆమె బట్టలు కట్టుకొని, ఆడవాళ్ళు పెట్టుకునే బొట్టు పెట్టుకొని, చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకుంటాడట. బిడ్డ పుట్టగానే కడిగి తండ్రి పక్కలో పెడతారట. ఇంగువ, బెల్లం బాలింతకు కాక తండ్రికే తినిపిస్తారట. ఇది నేను మా ఇళ్ళల్లో చూడలేదు. అవ్వను అడిగితే నవ్వింది, పాతకాలంలో ఉండేదని తనూ విన్నదట. చదివినవాళ్ళు దీన్ని వింత ఆచారం అంటారు. నాకు మాత్రం ఇట్లా తోస్తుంది: బిడ్డ పుట్టిన రోజునుంచే తండ్రి పక్కలో ఉండాలని ఎవరో ఒకప్పుడు గట్టిగా అనుకున్నారు. పిల్లలను దొంగలుగా పెంచుతారని పేరుపడ్డ జాతికి ఇట్లాంటి ఆచారం ఉండిందని అదే పుస్తకంలో అచ్చయింది.

అదే పుస్తకంలో మేనమామ హక్కు గురించి కూడా ఉంది. మాలో అక్కచెల్లెలి మొదటి ఇద్దరు కూతుళ్ళ మీద మేనమామకు హక్కు, తన కొడుకులకు చేసుకోవచ్చు. పిల్లకు ఓలి 20 వరహాలు. మేనమామ చేసుకుంటే 12 ఇస్తే చాలు. వద్దని వదిలేస్తే, బయటివాళ్ళు ఇచ్చే 20లో 8 ఆయనకు చెందుతాయి. వరహాలు ఎప్పుడో పోయాయి. హక్కు మాత్రం నా కాలం దాకా ఉంది. నేను ఇంటికి పెద్దకూతుర్ని. మామకు కొడుకున్నాడు. నేను పదో తరగతి పాసైన ఎండాకాలం పెద్దమనుషులు మా ఇంటిముందు కూర్చున్నారు.

అప్పుడు మామ లేచి మా అమ్మతో, “అక్కా, పిల్ల మీద నా హక్కు నేను ఇడిసిపెడుతుండా. దాన్ని సదవనీ” అన్నాడు. ఒక పెద్దాయన నవ్వులాటకు, “మరి నీకు రావల్సిన ఎనిమిది వరాలూ?” అని అడిగాడు. “నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు గదా. ఈ పిల్ల సదువుకొని వాళ్ళకు నాలుగు అచ్చరాలు నేర్పిస్తే అదే నా ఓలి” అన్నాడు మామ. అయిదో తరగతిలో సంచి వదిలేసి వచ్చిన మనిషి ఆ మాట అన్నాడు. ఆ ఎండాకాలం నుంచి ఇంటర్ రెండేళ్ళూ, ట్రైనింగ్ రెండేళ్ళూ వేసవి సెలవులకు ధర్మవరం పోయి ఆ ఇద్దరికీ చదువు చెప్పాను. వాళ్ళల్లో ఒకామె ఇప్పుడు నర్సు.

మేనమామ హక్కు మంచిదని నేను చెప్పను. ఆడపిల్ల పుట్టకముందే ఆమె మీద ఒకరికి హక్కుండడం ఏ న్యాయం? అది పోవాల్సిందే, పోతోంది కూడా. కానీ ఆ ఆచారం లోపల ఇంకొకటి ఉంది. మాలో బిడ్డ ఇద్దరిదే కాదు. మేనమామది, అవ్వది, జేజబ్బది, పెద్దమ్మది. హక్కు ఉన్నవాళ్ళందరికీ ఆ బిడ్డ గురించి పట్టింపు ఉంటుంది. హక్కును పీకేటప్పుడు పట్టింపును కూడా పీకేస్తే బిడ్డ ఒంటరిదవుతుంది. మామ హక్కు వదిలాడు, పట్టింపు వదల్లేదు. నేను హాస్టల్లో ఉన్న రెండేళ్ళూ నెలకొక ఆదివారం రైలెక్కి వచ్చి, గేటు దగ్గర నిలబడి, బొరుగుల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు.

అవ్వ ఎరుక చెప్పేది. బుట్ట చంకన పెట్టుకొని పెనుకొండ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. పద్మావతి పెళ్ళి కుదర్చడానికి తిరుమల వెంకన్న కూడా ఎరుకలసాని వేషమే వేసుకున్నాడని గొప్పగా చెప్పుకొనేది. ఎరుక నిజమా అబద్ధమా అని నేనొకసారి అడిగితే, “ముందు పాదాలు చూడల్ల, తర్వాత చెయ్యి చూడల్ల, ముఖం ఆఖర్న చూడల్ల. అప్పుడు ఆయమ్మకు ఏం కష్టముందో తెలుస్తాది” అంది. మడమలు పగిలిన తీరు, అరచేతిలో కాయలు, గాజుల లెక్క ఇవన్నీ చూసి మాట్లాడేది. ఆమె మాటకు ఏడ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. ఆ ఇంట్లో వాళ్ళను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు వేరే ఎవరూ ఉండి ఉండరు.

నేను బడిలో చేసేది కూడా అదే. జూన్‌లో కొత్త పిల్లలు రాగానే మార్కులు అడగను. ఆడపిల్లయితే జడ చూస్తాను. పాయ తీసి బిగించి అల్లిన జడయితే తల్లో అవ్వో ఇంట్లో ఉన్నట్టు. తనకు తానే వేసుకున్నది ఒక పక్కకు పోతుంది. మగపిల్లోడయితే గుండీలు చూస్తాను. ఊడిన గుండీ వారంలో కుట్టి ఉంటే ఎవరో చూసుకుంటున్నారు. నెలైనా పిన్నీసే ఉంటే చూసేవాళ్ళు లేరు. మా ప్రాంతంలో ఎంతోమంది తల్లిదండ్రులు బెంగళూరు పోయి కట్టడాల దగ్గర పని చేస్తున్నారు. పండగకు వస్తారు, పోతారు. కాబట్టి ఇంట్లో తల్లీతండ్రీ ఉన్నారా అని అడిగితే లాభం లేదు, ఎవరున్నారు అని అడగాలి.

ఈ సంగతి మీద పెద్ద పరిశోధన ఒకటి ఉంది. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, జగడాలు ఉన్న ఇళ్ళల్లో పెరిగిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా ఎదిగి, బాధ్యత తెలిసిన మనుషులయ్యారు. వాళ్ళను నిలబెట్టినవాటిలో ముఖ్యమైనది ఏమిటంటే, చిన్నప్పుడు వాళ్ళను గట్టిగా పట్టించుకున్న మనిషి ఒక్కరైనా ఉన్నారు. అవ్వనో, అత్తనో, పక్కింటామెనో, టీచరో. నా ట్రైనింగ్ పుస్తకంలో జ్యూక్, కల్లికాక్ ఇళ్ళ కథలున్నాయి గానీ ఈ కవాయ్ పిల్లల కథ లేదు. గొడ్డార్డ్ రాసినదాంట్లో పస లేదని తర్వాతివాళ్ళు తేల్చారు. ఇంటి పరిసరాలు మారితే మనుషులు మారతారని డగ్‌డేలే తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ ముక్క కూడా మాకు చెప్పలేదు.

రెండేళ్ళ కిందట నా క్లాసులో ఒక పిల్లోడు చేరాడు. మావాడే. తండ్రి ఒక కేసులో జైల్లో ఉన్నాడు. తల్లి లేదు. అవ్వ దగ్గర పెరుగుతున్నాడు. ఒకరోజు స్టాఫ్ రూంలో, ఆ ఇంట్లో ఉంటే వాడూ తండ్రిలాగే అవుతాడు, దూరంగా ఎక్కడైనా హాస్టల్లో వేసి ఆ ఇంటికి పంపకుండా ఉంటేనే బాగుపడతాడు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. 1924లో 17వ సెక్షన్ రాసినవాళ్ళు కూడా మంచి మనసుతోనే రాస్తున్నామని అనుకొని ఉంటారు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ బిడ్డలను ఇళ్ళనుంచి తీసుకుపోయినవాళ్ళూ బాగుచేస్తున్నామనే అన్నారు. చివరికి 2008 ఫిబ్రవరిలో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే సంవత్సరం జూన్‌లో కెనడా ప్రధాని కూడా చెప్పాడు.

నేను హాస్టళ్ళకు వ్యతిరేకం కాదు. హాస్టల్ లేకుంటే నాకు ఈ ఉద్యోగం లేదు. మన గిరిజన బిడ్డలకు గురుకులాలు ఇంకా కావాలి. కానీ నన్ను హాస్టల్‌కు పంపింది చదువుకోవడానికి, ఇంటినుంచి కాపాడడానికి కాదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. నా గేటు దగ్గరికి బొరుగుల పొట్లంతో ఒక మనిషి వచ్చేవాడు. ఆ పిల్లోడి గేటు దగ్గరికి ఎవరూ రాకూడదన్నది ఇక్కడి ఆలోచన.

నేను ఆ పిల్లోడి చొక్కా చూశాను. కాలరు దగ్గర గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. ఇంటికి పోయాను. అవ్వకు చూపు సరిగా లేదు, సూదిలో దారం వాడే ఎక్కించి ఇస్తాడట. నేను స్టాఫ్ రూంకు వచ్చి, “ఈ బిడ్డను చూసే మనిషి ఉంది సార్, ఆమెను తీసేయొద్దు, మనం ఇంకొకరం కలుద్దాం” అన్నాను. సాయంత్రం అరగంట లెక్కలు నేను చెప్తున్నాను. ఆయన పేరు రాయను గానీ, దూరంగా పంపమన్న మాస్టారే ఇప్పుడు వాడికి ఇంగ్లీషు చెప్తున్నాడు. పోయిన నెల క్లాసులో ఒకరి డబ్బు పోయింది. ఎవరి సంచీ వెతకలేదు. నేనే బల్లల కింద ఊడ్పించాను, దొరికింది.

వాడు ఏమవుతాడో నేను ఎరుక చెప్పలేను. తండ్రి ఈ సంవత్సరం బయటికి రావచ్చు. వస్తే వాడు ఆ తండ్రి మోకాళ్ళ మధ్య కూర్చోవాలనే నేను కోరుకుంటాను. తోటి గిరిజన టీచర్లకు నేను చెప్పదలచుకున్నది ఇది: మన బిడ్డల ఇళ్ళల్లో లోపాలుంటాయి, వాటి గురించి ఆ పెద్దలతోనే కూర్చొని మాట్లాడదాం. బడి బిడ్డకు ఇంకొక మనిషిని కలపాలి గానీ, ఉన్న మనిషిని తీసెయ్యకూడదు. తల్లిదండ్రుల సమావేశానికి తండ్రి సంతకమే కావాలని పట్టుబట్టకండి. అవ్వ వేలిముద్ర వేసినా, మేనమామ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడినా లోపలికి పిలిచి కుర్చీ వేయండి.